కాంపింగ్: నాలుగు టేకుల్లోంచి ఒక పాట తీయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యూసఫ్‌గూడలో మా ఇంటి పై అంతస్తులో ఒక చిన్న గది ఉంది. దాంట్లోనే కొన్నేళ్లుగా గొంతులు రికార్డ్ చేస్తున్నాను. జానపదం పాడే అక్కలు, షార్ట్ ఫిల్ముకు పాట చేసుకునే కాలేజీ పిల్లలు, భక్తి పాటల ఆల్బం వేసుకోవాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్న పెద్దవాళ్లు వస్తుంటారు. పాడటం వరకు అందరికీ తెలుసు. "ఇన్ని టేకులు ఉన్నాయి, ఇప్పుడేం చేయాలి?" అన్న దగ్గర చాలామంది ఆగిపోతారు. సొంతంగా ఇంట్లో రికార్డ్ చేసుకునేవాళ్లు ఫోన్ చేసి అడిగినప్పుడు చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

కాంపింగ్ అంటే ఏమిటి?

ఒకే పాటను ఒకే గొంతుతో నాలుగైదుసార్లు రికార్డ్ చేసి, ఒక్కో టేకులో బాగా వచ్చిన ముక్కలను ఏరి ఒకే ట్రాక్‌గా కూర్చడం. కాంపోజిట్ అన్న మాటను పొట్టి చేస్తే కాంప్ అయింది. జాజ్ వాయించేవాళ్లు కూడా కాంపింగ్ అంటారు కానీ అది వేరు, సోలో వాయించేవాళ్లకు తోడుగా కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వాయించడం. నెట్‌లో వెతికేటప్పుడు "వోకల్ కాంపింగ్" అని వెతకండి.

ముక్కలు అతికించి పాడినట్టు చూపించడం మోసం కాదా?

ఈ ప్రశ్న ఎక్కువగా సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు అడుగుతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో గాయకులు, ఆర్కెస్ట్రా అందరూ కలిసి ఒకేసారి పాడి వాయించేవారు. వయొలిన్ ఒక్కటి తప్పినా పాట మొదటికొచ్చేది. ఆ క్రమశిక్షణ మీద నాకు చాలా గౌరవం ఉంది.

అయితే అతికించడం కంప్యూటర్‌తో పుట్టలేదు. మాగ్నెటిక్ టేపు రోజుల్లోనే బ్లేడుతో టేపును కోసి, వెనక అంటుకునే పట్టీ వేసి జోడించేవారు. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు పూర్తిగా మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడు. టేపు కోసి అతికించడం కూడా సంగీత సృష్టిలో భాగమేనని ఆయన బాహాటంగా వాదించాడు.

నా అభిప్రాయం ఇది. గొంతు మీదే, పాట మీదే, పాడింది మీరే అయినప్పుడు మీ నాలుగు ప్రయత్నాల్లో మంచిది ఎంచుకోవడం మోసం కాదు. కానీ పోటీకి పంపే రికార్డింగులో "ఒకే టేకు" అని నియమం ఉంటే, లేదా లైవ్ కచేరీ అని పేరు పెట్టి విడుదల చేస్తుంటే, అక్కడ కాంపింగ్ చేయకండి. ఆ పని అడిగితే నేను ఒప్పుకోను.

ఎన్ని టేకులు తీసుకోవాలి?

నేను నాలుగు పూర్తి టేకులు తీసుకుంటాను. ఆ తర్వాత ఇబ్బంది పెట్టిన పాదాలు మాత్రం రెండేసిసార్లు పంచ్ చేయిస్తాను, అంటే ఆ ముక్క వరకే మళ్లీ పాడించి రికార్డ్ చేస్తాను. మొదటి టేకులో గొంతు ఇంకా తెరుచుకోదు. అయినా రికార్డ్ నొక్కే ఉంచుతాను, ఎందుకంటే టెన్షన్ లేకుండా "ఊరికే ఒకసారి పాడండి" అన్నప్పుడు వచ్చే పల్లవి కొన్నిసార్లు తర్వాత దొరకదు. రెండు, మూడు టేకుల్లో గొంతు బాగా పలుకుతుంది. ఆరు దాటితే పాడేవాళ్ల గొంతూ అలిసిపోతుంది, వినేవాళ్ల చెవీ అలిసిపోతుంది. ఇరవై టేకులు తీసుకుని వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లకు కాంపింగ్‌కే రెండు రోజులు పడుతుంది, ఫలితం నాలుగు టేకుల కంటే గొప్పగా ఉండదు.

హార్డ్ డిస్క్ గురించి భయం అక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో మోనో రికార్డింగ్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. నాలుగు నిమిషాల పాట పది టేకులు తీసినా 350 ఎంబీ లోపే.

రికార్డ్ చేసేటప్పుడే జాగ్రత్త పడాల్సినవి ఏమిటి?

టేకులన్నీ ఒకేలా వినబడాలి. ఎడిటింగ్‌లో కష్టం అంతా ఇది జరగనప్పుడే వస్తుంది.

మైకుకు జానెడు దూరంలో నిలబెట్టి, కాళ్ల దగ్గర నేల మీద టేపు ముక్క అంటించండి. కార్డియాయిడ్ మైకుకు (ముఖ్యంగా ముందు వైపు శబ్దాన్నే పట్టే మైకు) దగ్గరైనకొద్దీ బేస్ పెరుగుతుంది. ఒక టేకులో జానెడు, ఇంకో టేకులో బెత్తెడు దూరం ఉంటే రెండూ ఒకే మనిషి గొంతులా ఉండవు. గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్న సెట్టింగ్) మధ్యలో మార్చకండి. వీలైతే అన్ని టేకులూ ఒకే పూట తీసుకోండి, పొద్దున గొంతు వేరు, సాయంత్రం గొంతు వేరు. ఒకసారి నేను ఒక అక్కతో పల్లవి ఒక రోజు, చరణాలు పది రోజుల తర్వాత పాడించాను. మైకు స్టాండు ఎత్తు రాసి పెట్టుకోలేదు. రెండో రోజు గొంతు బరువుగా వచ్చింది. ఈక్యూతో (బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించే సాధనం) ఎంత తంటాలు పడినా కలవలేదు. ఉప్పల్ నుంచి ఆమెను మళ్లీ రప్పించి పల్లవి కూడా పాడించాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎత్తు, దూరం, గెయిన్ మూడూ పాట కాగితం మీదే రాస్తున్నాను.

ఫ్యాన్, ఏసీ, కూలర్ ఆపేయండి. హెడ్‌ఫోన్ చెవిని పూర్తిగా మూసేది వాడండి, లేకపోతే క్లిక్ (తాళం కోసం హెడ్‌ఫోన్‌లో వినిపించే టకటక), శ్రుతి మైకులోకి కారతాయి. గొంతు మీద క్లిక్ కారితే టేకు మార్చినప్పుడల్లా ఆ శబ్దం పెరిగి తగ్గుతుంది. పాడేవాళ్లు బయటికి వెళ్లాక, ఏమీ కదపకుండా, ఖాళీ గదిని అర నిమిషం రికార్డ్ చేయండి. ముక్కల మధ్య ఖాళీ వచ్చిన చోట పూర్తి నిశ్శబ్దం పెడితే చెవికి గొయ్యిలా తగులుతుంది. ఆ గది శబ్దం పెడితే తగలదు.

మన ఊళ్లో సౌండ్‌ప్రూఫ్ గది లేనివాళ్లకు ఇంకో సమస్య, వీధి. కుక్కర్ విజిల్, బోరు మోటారు, ఆటో హారన్. ఆషాఢంలో బోనాల డప్పులు, ఆ తర్వాత వినాయక మండపాల మైకులు. ఆ రోజుల్లో నేను పొద్దున్నే పిలుస్తాను. అయినా ఏదో ఒకటి పడుతుంది. ఇక్కడ కాంపింగే మిమ్మల్ని కాపాడుతుంది. రెండో టేకులో మంచి పాదం మీద హారన్ పడితే, అదే పాదం మూడో టేకులో శుభ్రంగా ఉంటుంది. అందుకే హారన్ వినబడగానే ఆపించకండి, పాడనివ్వండి.

క్లిక్ లేకుండా పాడితే కాంపింగ్ కుదురుతుందా?

కష్టం. క్లిక్ లేదా ముందే చేసిన ట్రాక్ మీద పాడితే నాలుగు టేకుల్లోనూ ప్రతి పాదం ఒకే చోట కూర్చుంటుంది, ఒక టేకు ముక్క తీసి అదే చోట ఇంకో టేకు ముక్క పెట్టుకోవడమే. పద్యం, విరుత్తం, శ్లోకం లాంటివి తాళం లేకుండా పాడితే ఒక టేకును ఆధారంగా పెట్టుకుని, మిగతావాటి నుంచి పాదం మొత్తంగానే తీసుకోండి. పాదం మధ్యలో అతికించొద్దు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

మీ దగ్గర ఉన్నదే. ఈ పని కోసం కొత్తది కొనక్కర్లేదు.

లాజిక్ ప్రోలో పాట భాగాన్ని లూప్‌లో తిప్పుతూ పాడితే టేకులన్నీ ఒక ఫోల్డర్‌లో ఒకదాని కింద ఒకటి చేరతాయి. కావలసిన ముక్క మీద మౌస్ లాగితే అదే పైకి వస్తుంది. ప్రో టూల్స్‌లో ఒకే ట్రాక్‌కు ఎన్నో ప్లేలిస్టులు ఉంటాయి, వాటిలోంచి మంచి ముక్కలను ప్రధాన ప్లేలిస్టులోకి కాపీ చేస్తారు. మన సినిమా స్టూడియోల్లో పని చేయాలనుకునే పిల్లలు దీన్ని నేర్చుకోవాల్సిందే. ఇలా పేర్చిన టేకులను క్యూబేస్‌లో లేన్లు, స్టూడియో వన్‌లో లేయర్లు అంటారు. ఏబుల్టన్ లైవ్‌కు ఈ సౌకర్యం 2021లో, 11వ వెర్షన్‌తో వచ్చింది. పాత వెర్షన్ ఉన్నవాళ్లకు అది కనబడక వెతుక్కుంటూ ఉంటారు.

డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు నేను చెప్పేది రీపర్. 60 రోజులు వాడి చూడనిస్తారు, ఆ తర్వాత తక్కువ ధర లైసెన్సు 60 డాలర్లు. 2023లో వచ్చిన 7వ వెర్షన్‌తో మౌస్ లాగి ముక్కలు ఎంచుకోవడం చాలా సులువైంది. ఆడాసిటీ ఉచితం. దాంట్లో ప్రతి టేకునూ ఒక్కో ట్రాక్‌లో పెట్టి, వద్దనుకున్న ముక్కలను మూసేస్తూ పోవచ్చు. మెల్లగా సాగుతుంది కానీ పని అవుతుంది. నేను నేర్చుకున్నదీ అలాగే.

ఏ ముక్క మంచిదో ఎలా తేల్చుకోవాలి?

ముందు పాటను పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయండి. ప్రతి పాదం పక్కన టేకుకు ఒక గడి గీయండి. స్క్రీన్ వైపు చూడకుండా, కళ్లు మూసుకుని ఒక్కో టేకు మొదటినుంచి చివరిదాకా వినండి. బాగున్న చోట టిక్, శ్రుతి తప్పిన చోట గీత, మాట స్పష్టంగా లేని చోట సున్నా. గొంతును ఒంటరిగా వినకండి, ట్రాక్‌తో కలిపి వినండి. ఒంటరిగా వింటే తప్పులాగా అనిపించింది పాటలో అందంగా ఉండొచ్చు.

తర్వాత మొత్తంమీద ఎక్కువ బాగున్న టేకును ఆధారంగా తీసుకోండి. దాంట్లో పాడైన పాదాలను మాత్రమే వేరే టేకుల నుంచి తెచ్చుకోండి. ప్రతి పాదానికీ పోటీ పెట్టి, ఒక్కో మాట ఒక్కో టేకు నుంచి తెస్తే అన్నీ బాగున్నా పాట చచ్చిపోతుంది. మనిషి పాడేటప్పుడు ఒక పాదంలో తెచ్చుకున్న ఊపు తర్వాతి పాదంలోకి పోతుంది. చరణం చివర గొంతు కొంచెం బరువెక్కుతుంది. ఆ ఎత్తుపల్లాలు తెగిపోకూడదు.

శ్రుతి కొంచెం అటూ ఇటూ అయి భావం బాగున్న ముక్కకూ, శ్రుతి కచ్చితంగా ఉండి చప్పగా ఉన్న ముక్కకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను మొదటిదే తీసుకుంటాను. శ్రుతిని మెలోడైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో సర్దవచ్చు. భావాన్ని సర్దే ప్లగిన్ లేదు.

కోత ఎక్కడ పెట్టాలి?

తెలుగు పాటకు అసలు ప్రశ్న ఇదే. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్ చూసి వచ్చినవాళ్లు మాటకూ మాటకూ మధ్య కోస్తారు. మన భాషలో చాలాచోట్ల అది కుదరదు. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది. పాడేటప్పుడు ఆ అచ్చు సాగి తర్వాతి మాటలోకి జారిపోతుంది. తర్వాతి మాట కూడా అచ్చుతోనే మొదలైతే రెండూ సంధిలో కలిసిపోతాయి. "వాన ఎప్పుడొస్తుందో" అని కాగితం మీద రెండు మాటలు ఉంటాయి. గొంతులో ఉండేది "వానెప్పుడొస్తుందో" అన్న ఒక్క మాటే. అక్కడ కోయడానికి చోటే లేదు.

అందుకని మాటల మధ్య చోటు వెతకడం మానేసి హల్లులను వెతకండి. బళ్లో చదివిన పరుషాలు గుర్తు తెచ్చుకోండి: క చ ట త ప. వీటిని పలికే ముందు నోట్లో గాలి దారి పూర్తిగా మూతపడుతుంది, గొంతు మోగడం ఆగుతుంది. ఆ ఒక్క క్షణం నిజమైన నిశ్శబ్దం. అవి ద్విత్వంగా వస్తే ఇంకా మేలు: గట్టు, చుక్క, తప్పు, అత్త. ఆ నిశ్శబ్దం బాగా సాగుతుంది, స్క్రీన్ మీద వేవ్ సన్నని గీతలా కనబడుతుంది. ఆ గీతలో కోయండి.

"చెరువు గట్టు కింద" అన్న పాదం ఉందనుకోండి. చెరువు, గట్టు అనే మాటల మధ్య కోస్తే అతుకు వినబడే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఉకారం ఆగకుండా గకారంలోకి పోతుంది. అదే గట్టులో ట్ట దగ్గర, మాట నడుమనే, మొదటి టేకు ఆపి మూడో టేకు మొదలుపెట్టండి. ఎవరికీ తెలియదు. మాట మధ్యలో కోయడమేమిటని మొదట్లో నాకూ భయమేసేది.

తర్వాత మంచి చోటు శ ష స. వాటి గాలి శబ్దం అతుకును దాచేస్తుంది. గ జ డ ద బ పరవాలేదు, కానీ వీటిలో గొంతు మోగుతూనే ఉంటుంది కాబట్టి రెండు టేకుల్లో స్వరం ఒకటిగా ఉండాలి. య ర ల వ, న మ, సాగిన అచ్చులు చివరి దారి. ఇక తప్పనప్పుడు సాగిన అచ్చులో కోయాలంటే బాగా జూమ్ చేసి, రెండు టేకుల తరంగాలు ఒకే దిక్కున లేచి పడేలా జరిపి అతకండి. అలా కలవకపోతే ఆ క్షణంలో గొంతు డొల్లగా వినబడుతుంది.

జానపదాలకు ఇంకో మాట. పాడే అక్క ఒక టేకులో "యాడికి పోతున్నవ్" అంటుంది, ఇంకో టేకులో "యాడికి వోతున్నవ్" అంటుంది. రెండూ ఆమెవే. పల్లవి నాలుగుసార్లు వచ్చే పాటలో ఒకసారి ప, ఒకసారి వ వస్తే అతుకు బయటపడుతుంది. ఆమె ఇంట్లో మాట్లాడేది ఏదో అడిగి, దాన్నే అన్ని చోట్లా ఉంచండి. పుస్తకం భాషకు దిద్దకండి.

అతికిన చోట "టిక్" మంటోంది. ఎందుకు?

ఒక ముక్క చివర తరంగం పైన ఉంది, రెండో ముక్క మొదట్లో కింద ఉంది. ఆ దూకుడే టిక్. రెండింటికీ క్రాస్‌ఫేడ్ పెట్టండి, అంటే మొదటి ముక్క తగ్గుతుండగానే రెండోది పెరిగేలా కలపండి. పరుషాల దగ్గర 2 నుంచి 5 మిల్లీసెకన్లు చాలు, సకారంలో 10 నుంచి 15, అచ్చుల్లో 20 నుంచి 40 దాకా. వేర్వేరు టేకుల ముక్కలకు సాధారణంగా ఈక్వల్ పవర్ (నడుమ శబ్దం తగ్గకుండా కలిపే రకం) క్రాస్‌ఫేడ్ బాగుంటుంది. ఈక్వల్ గెయిన్ పెడితే నడుమ శబ్దం సుమారు 3 డెసిబెల్స్ పడిపోతుంది.

పాతకాలంలో టేపును నిలువుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా కోసేవారు. కారణం ఇదే. పావు అంగుళం టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిస్తే ఆ ఏటవాలు కోత దాటడానికి సుమారు 17 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే బ్లేడుతోనే క్రాస్‌ఫేడ్ చేసేవారన్నమాట.

ఊపిరి శబ్దాలు తీసేయాలా?

వద్దు. ఊపిరి తర్వాత వచ్చే పాదానిది. మూడో టేకు నుంచి పాదం తెచ్చుకుంటే దాని ముందున్న ఊపిరి కూడా తెచ్చుకోండి. గట్టిగా పాడిన పాదానికి ముందు మెల్లని ఊపిరి పెడితే చెవికి అబద్ధం తెలిసిపోతుంది. మరీ పెద్దగా ఉంటే 4, 5 డెసిబెల్స్ తగ్గించండి. అతికించడంలో రెండు ఊపిరులు పక్కపక్కన పడటం చాలామంది చేసే తప్పు, మనిషి వరుసగా రెండుసార్లు పీల్చుకోడు.

శాస్త్రీయ సంగీతానికి ఇది పనికొస్తుందా?

కృతికి కొంతవరకు. సంగతి (ఒకే పాదాన్ని కొత్త మలుపుతో పాడే ఒక్కో రూపం) మొత్తాన్ని మార్చవచ్చు, సంగతి మధ్యలో చేయి పెట్టకూడదు. గమకం రెండు స్వరాల మధ్య నడిచే ఒకే కదలిక, దాన్ని సగంలో కోస్తే ఎంత మంచి క్రాస్‌ఫేడ్ పెట్టినా విరిగినట్టే ఉంటుంది. అప్పటికప్పుడు అల్లి పాడే ఆలాపనకు, నెరవుకు, కల్పన స్వరాలకు కాంపింగ్ చేయొద్దు. ప్రతిసారీ ఆలోచన వేరు, ఒకదాని మొదలుకు ఇంకోదాని ముగింపు అతకదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ముందు వరసలో కూర్చుని వినే పెద్దలకు ఆ అతుకు చటుక్కున తెలిసిపోతుంది.

ఆటోట్యూన్ ముందా, కాంపింగ్ ముందా?

కాంపింగ్ ముందు. పూర్తయిన ఒక్క ట్రాక్ మీదే శ్రుతి సర్దండి. ఆటోట్యూన్‌లో రీట్యూన్ వేగం (శ్రుతిని ఎంత త్వరగా సరిచేయాలన్న సెట్టింగ్) మరీ ఎక్కువ పెడితే గమకాలు మెట్లుమెట్లుగా తెగిపోతాయి, మన పాటలకు నెమ్మదిగానే ఉంచండి.

డప్పు, మృదంగం లాంటివాటికి?

రెండు మైకులతో రికార్డ్ చేస్తే రెండు ట్రాకులనూ గ్రూపుగా కట్టి ఒకే చోట కోయండి. మృదంగం కుడి వైపు మైకును ఒక టేకు నుంచి, ఎడమ వైపు మైకును ఇంకో టేకు నుంచి ఎప్పుడూ తీసుకోకండి. ప్రతి మైకులోకీ రెండో వైపు దెబ్బ కూడా పడుతుంది కాబట్టి దెబ్బలు రెండేసి వినబడతాయి. కోత దెబ్బకు కొంచెం ముందు పెట్టాలి, దెబ్బ మీద కాదు.

మిగిలిన టేకులు డిలీట్ చేయొచ్చా?

పాట విడుదలయ్యేదాకా వద్దు. దర్శకుడు చివరి రోజు ఫోన్ చేసి ఒక మాట మార్చమంటే, ఆ మాట పాత టేకులో దొరికితే పాడేవాళ్లను మళ్లీ పిలవక్కర్లేదు. పల్లవి నిండుగా వినబడాలంటే మిగిలిన టేకును ప్రధాన గొంతు కింద మెల్లగా కలపండి. ప్రధాన టేకునే కాపీ చేసి పెడితే నిండుదనం రాదు, శబ్దం 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, అంతే. రెండు వేర్వేరు టేకుల్లో ఉండే చిన్న తేడాలే ఆ నిండుదనం ఇస్తాయి.

టేకులను శాశ్వతంగా ఒక్కటిగా కలిపే ముందు ప్రాజెక్టును వేరే పేరుతో సేవ్ చేయండి. ఎండాకాలం సాయంత్రం గాలివానకు కరెంటు పోయే ఊరు మనది. యూపీఎస్ లేకుండా పాడించకండి. రోజు చివర ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

మిక్సింగ్‌కు ఎలా పంపాలి?

ప్రాజెక్టు ఫైలు పంపితే వాళ్ల దగ్గర అదే సాఫ్ట్‌వేర్ లేకపోవచ్చు. కాంప్ మొత్తాన్ని పాట మొదటి బార్ నుంచి చివరిదాకా ఒకే 24 బిట్ వేవ్ ఫైలుగా తీయండి, రివర్బ్, కంప్రెషన్ లాంటి ఎఫెక్టులు ఏమీ లేకుండా. మొదట్లో గొంతు లేకపోయినా ఖాళీని అలాగే ఉంచండి, అప్పుడే వాళ్ల ట్రాక్ మీద సరిగ్గా కూర్చుంటుంది. ఫైలు పేరులో పాట పేరు, టెంపో, శ్రుతి రాయండి. పంపే ముందు పాడినవాళ్లకు ఒకసారి వినిపించండి. తమ గొంతులో ఏదైనా తమది కాదనిపిస్తే ముందు వాళ్లకే తెలుస్తుంది, ఆ పాదం అప్పుడే మార్చి మళ్లీ తీయండి.